ఇంటికి ఒక్క పిల్లే

కుక్కపిల్లను తెచ్చుకోవాలన్న ఆలోచన మొదట పెద్దకోడలిదే. ఈ మాట ఆమె తర్వాత చాలామందికి, చాలాసార్లు చెప్పుకుంది.

ఆమె ఇంట్లోనే కూర్చుని బట్టలు కుట్టేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కర్టెన్లు, దిండు గలీబులు. భర్త బస్సు డ్రైవరు. పొద్దున ఆరింటికి వెళ్తే మళ్లీ చీకటి పడే వేళకు వచ్చేవాడు. పగలంతా మిషను చప్పుడు తప్ప ఆ కింది వాటాలో మరో ప్రాణి అలికిడి ఉండేది కాదు. రెండేళ్లుగా ఆ కోరిక ఆమె మనసులో నలుగుతూనే ఉంది.

పై వాటాలో మరిది, అతని భార్య ఉండేవారు. చిన్నకోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. మంచి మనిషి. అందరూ అదే మాట అనేవారు, పెద్దకోడలికి గిట్టనిదీ అదే. తను డ్రైవింగు పరీక్ష మూడుసార్లు తప్పి ఇక చాలనుకుంటే, ఆ అమ్మాయి మొదటిసారే పాసై వచ్చి, పరీక్ష పెట్టినాయన మంచి హుషారులో ఉన్నాడని తేలిగ్గా తీసిపారేసింది. మామగారు మంచం పట్టిన మూడేళ్లూ వేళకు మందులు వేసింది, పక్కబట్టలు మార్చింది తను. పోయేముందు ఆయన అడిగింది మాత్రం, చిన్నమ్మాయి ఆఫీసు నుంచి వచ్చిందా అని. ఆ మాట విని ఆరేళ్లయినా ఆమెకు నిన్న విన్నట్టే ఉండేది.

అందుకే కుక్కపిల్ల సంగతి పై వాటా చెవిన పడకుండా జాగ్రత్తపడింది. తెలిసిన పశువుల డాక్టరు ఒకాయన ఉంటే ఆయన్నే వెళ్లి అడిగింది. ఎప్పుడడిగితే అప్పుడు, ఏ రంగు కావాలంటే ఆ రంగు చేతిలో పెట్టేవాళ్ల జోలికి పోవద్దని ఆయన చెప్పాడు. తల్లిని చూపించాలి, పరీక్షల కాగితాలు చూపించాలి, మీరడిగే ప్రశ్నల కంటే వాళ్లు మిమ్మల్ని అడిగేవి ఎక్కువుండాలి, అలాంటి చోట కొనుక్కోండి అన్నాడు. అలాంటి మనిషి ఒకావిడ ఉందని చిరునామా కూడా రాసిచ్చాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. లాబ్రడార్లను పెంచుతుంది. అందరూ ఆవిడని నర్సమ్మ అంటారు.

నర్సమ్మ పంపిన కాగితంలో రెండు పేజీల ప్రశ్నలున్నాయి. ఇంట్లో ఎవరెవరుంటారు? కుక్క రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు? ముసలిదై లేవలేకపోతే ఏం చేస్తారు? పెద్దకోడలు నాలుగు రోజులు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో జవాబులు రాసి పంపింది. తర్వాత ఎనిమిది నెలలు ఎదురుచూసింది. గిరాకీ బట్టలు తెచ్చినవాళ్లకు కూడా ఒక్క మాట పొక్కనివ్వలేదు.

చివరికి ఫోనొచ్చింది. ఐదు పిల్లలు పుట్టాయి, ఐదు వారాలు నిండాయి, ఆదివారం వచ్చి చూసుకోమని. ఆ ఆదివారం భర్తకు డ్యూటీ పడింది. నర్సమ్మ ఇల్లేమో ఊరి చివర, బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాలి. భర్త ఆ మాట తమ్ముడి దగ్గర యథాలాపంగా అన్నాడు. తమ్ముడు భార్యతో అన్నాడు. సాయంత్రానికల్లా చిన్నకోడలు కారు తాళాలు తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడింది, ఇంత మంచి సంగతి తనకు చెప్పనేలేదేమని నిష్ఠూరమాడుతూ. నేను తీసుకెళ్తానంది. కాదనడానికి పెద్దకోడలికి ఒక్క కారణమూ తట్టలేదు.

నర్సమ్మ గేటు దగ్గరే చెప్పులు విప్పించింది. పిల్లలకు టీకాలు పూర్తి కాలేదని ఇద్దరి చేతా సబ్బుతో చేతులు కడిగించింది. ముందు తల్లి వచ్చింది. లేత పసుపురంగు లాబ్రడార్, ఇద్దరినీ ఓపిగ్గా వాసన చూసి, తోక ఊపి, ఫ్యాను కింద పడుకుంది. తర్వాత నర్సమ్మ ఒక ఫైలు తెచ్చి తల్లీ తండ్రీ తుంటి ఎముకల ఎక్స్‌రేలు, కళ్ల పరీక్షల కాగితాలు ఒక్కొక్కటే చూపించింది. తల్లికి ఇది రెండో కాన్పు, మరొక్కటి అయ్యాక ఇక దాన్ని కననివ్వనంది. పిల్లల్ని షెడ్డులో పెట్టలేదు. హాల్లోనే, టీవీ మోతకీ మిక్సీ మోతకీ అలవాటు పడేలా పెంచుతోంది. ఒక్కోదాని మెడకు ఒక్కో రంగు పట్టీ కట్టింది, గుర్తుపట్టడానికి.

పెద్దకోడలు నోటుబుక్కు తెరిచింది. పద్నాలుగు ప్రశ్నలు రాసుకొచ్చింది. తిండి ఎన్ని పూటలు, కడుపులో నులిపురుగుల మందు ఎన్నాళ్లకోసారి అంటూ వరసగా అడుగుతోంది. నాలుగో ప్రశ్న దగ్గరుండగా చిన్నకోడలు ఎవర్నీ అడక్కుండా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆకుపచ్చ పట్టీ పిల్ల మిగతా నాలుగింటినీ తొక్కుకుంటూ వచ్చి, ఆమె మోకాలెక్కి, చొక్కా అంచు కాసేపు నమిలి, ఒళ్లో ముడుచుకుని నిద్రపోయింది.

మిగిలిన పది ప్రశ్నలూ పెద్దకోడలు అడిగింది గానీ ఒక్క జవాబూ చెవికెక్కలేదు. తనూ కూర్చుంది. చిటికెలు వేసింది, నేల తట్టింది, ముద్దుగా పిలిచింది. నీలం పట్టీ పిల్ల ఒకటి వచ్చి ఆమె మోకాలి పక్కన ఒంటేలు పోసి వెళ్లిపోయింది.

నర్సమ్మ నవ్వుతూ గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూ చిన్నకోడలితో అంది: “ఆ ఆకుపచ్చది ఎవరి ఒళ్లోకీ పోదమ్మా. మొన్న ముగ్గురొచ్చి చూశారు, దగ్గరికి కూడా రాలేదు. మీ దగ్గరికెలా వచ్చిందో మరి.”

ఎనిమిది నెలలు ఎదురుచూసింది తను. నర్సమ్మ మాటా చూపూ ఇప్పుడు పక్కమనిషి మీదికి పోయాయి. పెద్దకోడలి మొహం మాడిపోయింది. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది.

“నేనూ ఒకటి తీసుకోనా అక్కా?” అంది చిన్నకోడలు, పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించి. “కిందొకటి, పైనొకటి ఉంటాయి.”

ఆమె నోరు విప్పేలోపే నర్సమ్మ అందుకుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లా అని అడిగింది. గేటు ఒకటే, మెట్లు ఒకటే అని తెలిశాక ఖచ్చితంగా చెప్పేసింది.

“అయితే ఒక్కటే ఇస్తాను. ఒక కాన్పులో పుట్టినవాటిని రెండిటిని ఒకే ఇంటికి ఇవ్వను. అవి ఒకదానికొకటే లోకమనుకుంటాయి, మనిషి మాట వినవు. పెద్దయ్యాక కొట్టుకుంటాయి కూడా. ఇంటికి ఒక్క పిల్లే.”

ఏ పిల్ల ఏ ఇంటికో కూడా తనే నిర్ణయిస్తానంది. ముందు ఇల్లు చూడాలి, ఇంట్లో మనుషుల్ని చూడాలి. ఎనిమిదో వారం దాకా ఎవరి చేతికీ పిల్లను ఇవ్వదు.

చిన్నకోడలు వెంటనే, అయితే అది అక్కదే, ముందడిగింది అక్క కదా అనేసింది. ఆ మాటలో ఏ వంకా లేదు. కానీ ఆమె వేళ్లు ఆకుపచ్చ పట్టీ పిల్ల చెవిని నిమురుతూనే ఉన్నాయి, కారెక్కేదాకా ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. పెద్దకోడలు రెండుసార్లూ లెక్కపెట్టింది.

నర్సమ్మ ఇల్లు చూడ్డానికి బుధవారం వస్తానంది. పెద్దకోడలు రెండు రోజులు కుట్టుపని ఆపేసి ఇల్లు కడిగింది. బీరువాల కింద బూజు దులిపింది. నర్సమ్మ వచ్చీరాగానే గోడలూ చూడలేదు, బీరువాలూ చూడలేదు. చీపురు పుల్లలా సన్నటి మనిషి, మోకాళ్ల మీద కూర్చుని కుట్టుమిషను కింద అరచేత్తో నేల తడిమింది. మూడు గుండుసూదులు, ఒక విరిగిన సూది ముక్క చేతికొచ్చాయి.

“పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాయమ్మా. మీరు పని చేసుకునేటప్పుడు అది ఎక్కడుంటుంది?”

తలుపు వేసి పక్కగదిలో ఉంచుతానంది పెద్దకోడలు.

“అంటే మీరు ఇంట్లో ఉండీ, అది రోజుకు ఆరేడు గంటలు తలుపవతల ఏడుస్తుందన్నమాట.”

సరిగ్గా అప్పుడే చిన్నకోడలు టీ కప్పులతో మెట్లు దిగి వచ్చింది. ఆరోజు ఆమెకు సెలవు. పైన హాలు ఖాళీగానే ఉంటుంది, తను మూడింటికల్లా వచ్చేస్తుంది, ఆ తర్వాత అక్క పని చేసుకునే వేళలో పిల్లను పైన పెట్టుకోవచ్చు, కావాలంటే చూడండి అంది. సాయం చేయాలనే అంది. నర్సమ్మ ఆమెతో పైకి వెళ్లింది. వెళ్లినవాళ్లు వెంటనే రాలేదు. కింద చల్లారిపోతున్న టీ ముందు పెద్దకోడలు ఒక్కతే కూర్చుంది. పై కప్పు మీద రెండు జతల అడుగులు, బాల్కనీ తలుపు తీసిన చప్పుడు, ఆ తర్వాత నర్సమ్మ నవ్వు. ఆవిడ కింద ఉన్న అరగంటలో ఒక్కసారీ అలా నవ్వలేదు. పెద్దకోడలికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది. నా కోరిక, నా డాక్టరు, నా ఎనిమిది నెలలు, అనుకుంది. ఇది కూడా ఎగరేసుకుపోతుంది.

గేటు దాకా సాగనంపడానికి ఆమె ఒక్కతే వెళ్లింది. అక్కడ మాటల్లో పెట్టి మెల్లగా అంది:

“మా తోడికోడలు మాటకేం, బాగానే చెప్తుంది. ఇంతకుముందు ఒక పిల్లిని చేరదీసింది. నెల తిరక్కుండానే మోజు తీరిపోయింది. అది రోడ్డున పడి పోయింది పాపం.”

నర్సమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, అలాగా అని గేటు వేసుకుని వెళ్లిపోయింది.

అది పచ్చి అబద్ధం. పిల్లి ఉన్న మాట నిజమే. పక్కింటివాళ్లు ఇల్లు మారిపోతూ వదిలేసిన ముసలి పిల్లి. చిన్నకోడలు దాన్ని ఏడాదిన్నర సాకింది. దాని మూత్రపిండాలు చెడిపోతే వారానికి మూడుసార్లు డాక్టరు దగ్గరికి మోసుకెళ్లి సెలైను ఎక్కించింది. ఆ మూడుసార్లలో రెండుసార్లు వెంట వెళ్లి, బల్ల మీద దాని కాళ్లు పట్టుకున్నది పెద్దకోడలే. అది పోయిన రోజు చిన్నకోడలు కింది వాటాకు వచ్చి, ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది కూడా.

లోపలికి వెళ్లకుండా వరండాలోనే చాలాసేపు నిలబడింది పెద్దకోడలు. తన నోటి నుంచి వచ్చిన మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. కానీ ఫోను చేసి దిద్దుకోనూ లేదు. ఏదో ఒకటి, నర్సమ్మ ఆ ఒక్క మాట విని ఊరుకుంటే చాలు అనుకుంది.

నర్సమ్మ విని ఊరుకునే మనిషి కాదు. కుక్కపిల్లను ఇచ్చేముందు ఆవిడ అన్నీ విచారిస్తుంది. శుక్రవారం ఫోను చేసింది.

“మీ డాక్టరు గారితో మాట్లాడానమ్మా. ఆ పిల్లి ఫైలు ఆయన దగ్గరింకా ఉంది.”

పెద్దకోడలు మిషను ఆపేసింది.

“సూదులు ఏరుకోవచ్చు, తలుపు తీసిపెట్టుకోవచ్చు. వాటికోసం మీకు ఇవ్వనని అనను” అంది నర్సమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, ఆసుపత్రిలో పేషెంటుకు రిపోర్టు చదివి చెప్పినట్టుంది. “కానీ ఈ మాట చెప్పిన మనిషి చేతికి ఇప్పుడు ఇవ్వలేను. మీ తోడికోడల్ని అడుగుతాను, ఆమెకు కావాలంటే ఇస్తాను. ఎందుకన్నది నేను చెప్పను. అది మీరు చెప్పుకోవాలి.”

చెప్పుకోవాల్సిన అవసరం మర్నాడే వచ్చింది. చిన్నకోడలు ఫోను చేతిలో పట్టుకునే మెట్లు దిగింది. నర్సమ్మ తనకిస్తానంటోంది, అక్కకు ఎందుకివ్వదట, తను వెళ్లి గట్టిగా అడగనా అంటూ వచ్చింది. అక్క తరఫున పోట్లాడ్డానికి సిద్ధపడి వచ్చిన మనిషి ముందు పెద్దకోడలు తల ఎత్తలేకపోయింది. చేతిలో ఉన్న ప్యాంటు అంచు మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చిన్నకోడలు చేతిలోని ఫోను కిందికి దించింది.

“నువ్వొక్క మాట అనుంటే నేను ఆ ఇంటి గడప కూడా తొక్కేదాన్ని కాదక్కా. నాకు అడ్డు రాకు అని అనుంటే సరిపోయేది.” మెట్ల వైపు తిరిగింది. “ఇంకేదన్నా అను, పడేదాన్ని. ఆ పిల్లి గురించి ఎలా అన్నావు?”

ఆమె పైకి వెళ్లిపోయింది. తలుపు విసిరికొట్టలేదు, మామూలుగానే వేసుకుంది. ఆ తర్వాత పదకొండు రోజులు కిందికి రాలేదు. ల్యాబుకు వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఎదురుపడితే, పోస్టుమ్యాన్‌ను పలకరించినట్టు తల ఊపి వెళ్లేది. మరిది కూడా ముభావంగా ఉన్నాడు. పెద్దకోడలి భర్త సంగతంతా విని, భోంచేస్తూ భోంచేస్తూ చెయ్యి ఆపి, నువ్వేనా అని ఒక్కటే మాట అన్నాడు. ఆ మాటకు ఆమె వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

పన్నెండో రోజు ఆమె బస్సెక్కింది. మూడు కిలోమీటర్లు నడిచి నర్సమ్మ ఇంటికి చేరేసరికి చెప్పులు కరిచి మడమ ఒరుసుకుపోయింది. నర్సమ్మ లోపలికి రమ్మంది, చేతులు కడుక్కోమంది, మంచినీళ్లిచ్చింది. హాల్లో రెండు పిల్లలే ఉన్నాయి. మూడు వాటి ఇళ్లకు వెళ్లిపోయాయి. ఆకుపచ్చది ఇంకా ఉంది.

“మీ తోడికోడలు వద్దంది” అంది నర్సమ్మ. “తెచ్చుకుంటే దాన్ని చూసిన ప్రతిసారీ మా అక్క మొహం చిన్నబోతుంది, నేను చూడలేను అంది. ఆదివారం వేరే వాళ్లొస్తున్నారు దీనికోసం.”

పెద్దకోడలు సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆ సిగ్గు అడుగునే మళ్లీ ఆ పాత మంట చురుక్కుమంది. వద్దనడంలోనూ ఆ అమ్మాయే మంచిదైపోయింది. తను చెడ్డదవడంలో కూడా ఆమె ముందు ఓడిపోయింది. అంత నీచంగా అనిపించిన ఆ క్షణంలోనే పెద్దకోడలికి తన మీద తనకు నవ్వొచ్చింది. ఇంకెంత దూరం పోతావే, అనుకుంది.

ఆ పిల్లను మా ఇంటికే, పై వాటాకే ఇవ్వండని అడిగింది. ఒట్టి మాటలు తనకొద్దంది నర్సమ్మ. చిన్నకోడలు పొద్దున్నించి మూడింటిదాకా ల్యాబులో ఉంటుంది, ఆ ఆరు గంటలూ పిల్లను చూసే మనిషి కావాలి. తను చూస్తానంది పెద్దకోడలు. ఇద్దరూ కలిసి వచ్చి, ఇద్దరూ సంతకం పెడితేనే అంది నర్సమ్మ. ఆదివారం పదింటిదాకా గడువిచ్చింది.

ఆ సాయంత్రం పెద్దకోడలు మెట్లెక్కింది. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నా, పిలవకుండా పైకి వెళ్లడం అదే మొదటిసారి. ఎప్పుడూ చిన్నకోడలే దిగివచ్చేది. గుమ్మంలోనే నిలబడి, నర్సమ్మ ఏమందో చెప్పింది. తర్వాత, ముందే అనుకున్న మాటలన్నీ మర్చిపోయి ఉన్నమాట అనేసింది.

“నువ్వంటే నాకు కుళ్లు. పెళ్లై వచ్చిన రోజు నుంచీ. నువ్వు ఏమీ చేయలేదు, అయినా కుళ్లే. రేపు పొద్దున పోతుందని కూడా చెప్పలేను. కానీ అబద్ధం మాత్రం ఇక ఆడను.”

చిన్నకోడలు ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

“తెలుసక్కా” అంది. “నవ్వుతూ ఉంటే తగ్గుతుందేమో అనుకునేదాన్ని. ఎక్కువైంది.” కిటికీ వైపు తిరిగింది. “ఆ పిల్ల నాకు కావాలి. నిద్రలో కూడా దాని బరువు ఒళ్లో ఉన్నట్టే ఉంటోంది. కానీ నువ్వు నాకు త్యాగం చేసి ఇస్తున్నట్టైతే వద్దు. పగలంతా దాన్ని చూసి, సాయంత్రం నా మొహాన ఆ లెక్క చెప్తానంటే వద్దు.”

పెద్దకోడలు ఆలోచించింది. చెప్పనని వెంటనే మాట ఇవ్వలేకపోయింది. అప్పుడప్పుడూ చెప్తానేమో అంది. చెప్తే నోరు మూసుకోమని చెప్పు అంది. చిన్నకోడలు నవ్వలేదు గానీ, కుర్చీ ముందుకు జరిపింది.

ఆదివారం ఇద్దరూ కార్లో వెళ్లారు. నర్సమ్మ ఒప్పంద కాగితం గట్టిగా చదివి వినిపించింది. ఏ కారణంచేతైనా సాకలేకపోతే ఎవరికీ ఇవ్వకూడదు, ఎన్నేళ్లయినా తన దగ్గరికే తిరిగి తేవాలి. టీకాల చీటీ, నాలుగు రోజులకు సరిపడా తిండి, తల్లి పడుకున్న దుప్పటి ముక్క ఒకటి ఇచ్చింది. కొన్నది చిన్నకోడలని మొదటి సంతకం ఆమె చేత, సాక్షిగా కాదు, బాధ్యురాలిగా అని రాయించి రెండో సంతకం పెద్దకోడలి చేత పెట్టించింది. పిల్లను సాగనంపేటప్పుడు మాత్రం ఆ ముక్కుసూటి మనిషి దాన్ని మళ్లీ ఒకసారి చేతుల్లోకి తీసుకుంది. మొదటి వారం రోజూ ఫోను చేయాలని ఇద్దరికీ విడివిడిగా చెప్పింది.

చిన్నకోడలు కారు నడపాలి కాబట్టి పిల్ల పెద్దకోడలి ఒళ్లోకి వచ్చింది. సగం దారిలో ఆమె ఒడి నిండా వాంతి చేసుకుంది. చిన్నకోడలు కారాపబోతే, పర్లేదు పోనివ్వు అంది. తడిసిన బట్టలతో, వణుకుతున్న ఆ చిన్న వీపు మీద చెయ్యి వేసుకుని, ఇల్లొచ్చేదాకా కదలకుండా కూర్చుంది. గేటు దగ్గర చిన్నకోడలు తలుపు తీసి చేతులు చాచగానే పిల్ల ఆ చేతుల్లోకి దూకింది. ఒక్కసారి వెనక్కి కూడా చూడలేదు.

బొద్దుగా గుండ్రంగా ఉందని పెద్దకోడలి భర్త దాన్ని గుండీ అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. బయట ఒంటికి పోవడం గుండీకి నేర్పింది పెద్దకోడలు. గంటకోసారి మిషను ఆపి పెరట్లోకి తీసుకెళ్లి, పని అయ్యేదాకా నిలబడేది. కూర్చో అంటే కూర్చోవడం, వద్దంటే వదిలేయడం కూడా ఆమే నేర్పింది. పన్నెండు వారాల టీకాకు సూది గుచ్చేటప్పుడు అది మొహం దాచుకున్నది ఆమె చంకలోనే. ఆ సంగతి ఆమె భర్తకు మూడుసార్లు చెప్పింది, మరిదికి రెండుసార్లు, చిన్నకోడలికి ఒకసారి. ఆమె విని, చాలక్కా నోరు మూసుకో అంది. మాట ప్రకారం పెద్దకోడలు మూసుకుంది.

ఇద్దరి మధ్యా మునుపటి చనువు వెంటనే రాలేదు. చిన్నకోడలు ఇప్పుడు ఊరికే నవ్వడం తగ్గించింది. కోపం వస్తే కోపంగానే మాట్లాడుతోంది. పెద్దకోడలికి అదెందుకో సుఖంగా ఉంది.

అయినా రోజూ మూడూ పదికి వీధి మలుపులో కారు చప్పుడు వినపడేది. ఎంత గాఢనిద్రలో ఉన్నా గుండీ చెవులు లేచేవి. ఆరు గంటలు పక్కన పడుకున్న మనిషిని వదిలి, తలుపు సందులో ముక్కు పెట్టి, ఒళ్లంతా ఊపుకుంటూ ఏడ్చేది. తలుపు తీస్తే బాణంలా గేటుకు పరిగెత్తేది.

ఒకరోజు చిన్నకోడలు దాన్ని ఎత్తుకుని, మెట్లెక్కబోతూ ఆగింది. పెద్దకోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏంటక్కా, మళ్లీనా?”

“ఊఁ” అంది పెద్దకోడలు. “మళ్లీనే. పైకెళ్లు, చూడలేకపోతున్నా.”

చిన్నకోడలు వెళ్లలేదు. గుండీని ఎత్తుకునే వచ్చి గుమ్మంలో కూర్చుంది. పక్కన కాస్త జరిగి చోటిచ్చింది. పెద్దకోడలు కాసేపు నిలబడే ఉండి, తర్వాత కూర్చుంది.